టక్ టక్ డబ్బా

డెట్రాయిట్,
నవంబరు, మొదటి మంచు పడిన రోజు

కొరీన్‌కి,

నువ్వు పంపిన పార్సిల్ చేరింది. పుట్టినరోజు కానుక అని పైన రాశావు. విప్పి చూసేదాకా సంతోషంగానే ఉన్నాను.

ఇదేమిటమ్మా? సబ్బుబిళ్ళంత ఉంది. మీద బియ్యపుగింజల్లాంటి బటన్లు. ఒకదాని మీద బొటనవేలు పెడితే పక్కవి కూడా నొక్కుకుంటున్నాయి. వెనకాల చిన్న బ్యాటరీలు, ముందు నాణెమంత స్పీకరు. మీ కంపెనీ వాళ్ళు పెట్టిన కాగితం చదివాను. జేబులో స్టూడియో అట. జేబులో దువ్వెన పెట్టుకుంటారు, చేతిరుమాలు పెట్టుకుంటారు. స్టూడియో పెట్టుకుని తిరిగేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఈ బ్యాటరీ డబ్బాలంటే నాకు ఒళ్ళుమంట అని నీకు తెలుసు. తెలిసే పంపావు. ఎవరో ఒకరు వీటిలో ఒకదాన్ని తెచ్చి నా షాపులో బల్ల మీద పెడుతూనే ఉంటారు, ‘ఇది ఆన్ కావట్లేదు, చూస్తారా’ అంటూ. విప్పితే లోపల ఏముంటుంది? వేలిగోరంత చిప్పు, దాని చుట్టూ జిగురు. సోల్డరింగ్ ఐరన్ పెట్టడానికి చోటే ఉండదు. చెడిపోతే పారెయ్యడమే. పారెయ్యడానికి చేసిన వస్తువుని పట్టుకుని వాయిద్యం అనడానికి మీకు నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు.

నొక్కితే రకరకాల డ్రమ్ములు మోగించే మన డ్రమ్ మెషీన్, ఇంటి కింద బేస్‌మెంట్‌లో సగం బల్ల ఆక్రమించేది. దాన్ని కంపెనీవాడు చేసింది ఒకలాగైతే నేను విప్పి, మార్చి, నా చేత్తో సోల్డరింగ్ చేసి తయారుచేసింది ఇంకోలాగ. దాని పెద్ద డ్రమ్ము మోగితే చెవికి కాదు, రొమ్ముకి తగిలేది. ఈస్ట్ సైడ్‌లో ఎవరింట్లో పార్టీ జరిగినా ఆ మెషీన్ కావాలని నన్ను బతిమాలేవారు. వరదకి బేస్‌మెంట్ మునిగి అది బురదలో చచ్చిపోయిన రోజు, అమ్మ పోయినప్పటికంటే ఎక్కువ ఏడ్చానని నువ్వు ఇప్పటికీ దెప్పుతూ ఉంటావు. దెప్పుకో. వెయ్యి డ్రమ్ముల మధ్య పెట్టినా కళ్ళు మూసుకుని నా డ్రమ్ముని గుర్తుపడతాను. అలాంటిది ఇంకొకటి పుట్టదు.

నీ డబ్బాలో ఉన్న డ్రమ్ము సంగతి విను. ఎవరో అట్టపెట్టె మీద గోరుతో కొట్టినట్టు ‘టిక్’ అంది. అంతే. నాబులన్నీ చివరికంటా తిప్పి చూశాను. ఏ కొత్త సరుకొచ్చినా నేను అలాగే చూస్తాను, నీకు తెలుసుగా. అప్పుడు ఆ టిక్ వెనకాల ఇంకేదో ‘టక్ టక్’ అని వచ్చింది. రికార్డింగులో ఎక్కడో చెత్త చేరింది. దాన్ని శుభ్రం చేసుకోవడం కూడా చేతకానివాళ్ళ దగ్గర పనిచేస్తున్నావు.

పైగా మే నెలలో నది ఒడ్డున జరిగే మ్యూజిక్ పండగలో, మీ కంపెనీ స్టేజి ఎక్కి నేను దీన్ని వాయించాలని అడుగుతున్నావు. నా పేరు తగిలించి మీ సరుకు అమ్ముకోవడానికా? నా శనివారం రేడియో గంటలో ఈ డబ్బాల గురించి మాట్లాడదామని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇప్పుడు మంచి నమూనా దొరికింది. ముందే చెప్తున్నాను, తర్వాత ఏడవకు.

ఫోన్ చెయ్యకు. పోట్లాడాలంటే కాగితం మీద పోట్లాడమని అమ్మ పెట్టిన నియమం నేనింకా పాటిస్తున్నాను.

అలోంజో


పోర్ట్‌లండ్,
డిసెంబరు, వాన

అన్నయ్యకి,

నీ ఉత్తరాన్ని ఒక రోజంతా బల్ల మీద పెట్టేసి దాని చుట్టూ తిరిగాను. అమ్మ కాగితం నియమం పెట్టింది అందుకేగా, కోపం చల్లారడానికి. చల్లారలేదు.

పెద్ద స్పీకర్లకి కలిపి విను అని నా చీటీలో కింద గీత గీసి మరీ రాశాను. కలపలేదు కదూ? నాణెమంత స్పీకర్లోంచి పెద్ద డ్రమ్ము బయటికి రాదని, రిపేరు షాపు నడిపే నీకు నేను చెప్పాలా? లోతైన మోతంతా అక్కడే ఆగిపోతుంది. పైపైన ఉన్న టిక్కు మాత్రం వస్తుంది. ఆ స్పీకరు మేం పెట్టింది బస్సులో తట్టిన పాట మర్చిపోకుండా ఉండడానికి. నీలాంటివాడు కూర్చుని తీర్పు చెప్పడానికి కాదు.

జేబులో ఎవరు పెట్టుకుంటారని కదా నీ వెటకారం. మా వీధిలో లాండ్రీకి వచ్చే ఒకమ్మాయి బట్టలు తిరుగుతున్నంతసేపూ దీన్ని ఒళ్ళో పెట్టుకుని వాయిస్తుంది. చేపల ట్రక్కు తోలే ఒకాయన సరుకు దించేదాకా సీట్లో కూర్చుని వాయిస్తాడు. వాళ్ళకి బేస్‌మెంట్ లేదన్నయ్యా. సగం బల్ల ఆక్రమించే మెషీన్ పెట్టుకోవడానికి అసలు బల్లే లేదు. మనకి అమ్మ బేస్‌మెంట్ ఇచ్చింది, కరెంటు ఇచ్చింది. నువ్వేమో అదంతా ఆకాశంలోంచి ఊడిపడినట్టు మాట్లాడతావు.

కారు సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి వచ్చి, బూట్లయినా విప్పకుండా పొయ్యి దగ్గర నిలబడేది. కింద మనం ఇల్లు అదరగొట్టేవాళ్ళం. ఇక భరించలేననుకున్నప్పుడు మడమతో వంటింటి నేల మీద రెండుసార్లు కొట్టేది, తగ్గించమని. నువ్వు ఒక్కసారైనా తగ్గించావా? వెళ్ళి నాబ్ తిప్పేది నేను. నువ్వు నా చేతి మీద కొట్టి మళ్ళీ పెంచేవాడివి.

నేను అడిగేది చిన్న పని. ఆ డబ్బాని నీ షాపులో పెద్ద స్పీకర్లకి కలుపు. నాబులన్నీ చివరికంటా తిప్పు. నోరు మూసుకుని విను. ఆ తర్వాత రేడియోలో నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు, నేనేమీ అనుకోను. వినకుండా మాత్రం తిట్టకు. నీ శనివారం గంటని ఇక్కడ కూడా ఇంటర్నెట్‌లో వింటారు, మా బాస్ డ్వయర్ అయితే చర్చికి వెళ్ళినంత భక్తిగా వింటాడు. నువ్వు పెదవి విరిస్తే ఈ ఆఫీసులో పెద్ద మాటే అవుతుంది. ఈ డబ్బాలో నా ఉద్యోగం ఒక్కటే లేదు. ఇంతకంటే చెప్పను.

మే నెలలో ఆ స్టేజి నీ కోసమే అడిగి తీసుకున్నాను.

కొరీన్


డెట్రాయిట్,
జనవరి

కొరీన్‌కి,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చిందో, నేను తొందరపడ్డానో తెలీదు. రేడియోలో అనేశాను. విని ఉంటావు. వినకపోతే నేనే చెప్తాను, ఎందుకంటే ఆ గంట బ్రహ్మాండంగా నడిచింది.

డబ్బాని మైకు ముందు పెట్టి, ‘ఈస్ట్ సైడ్ పెద్దలారా, మన జీవితాలు మార్చెయ్యడానికి పోర్ట్‌లండ్ నించి ఒక సబ్బుబిళ్ళ దిగింది’ అన్నాను. బటన్ నొక్కాను. టిక్ అంది. నాబ్ తిప్పి మళ్ళీ నొక్కాను. టిక్, టక్ టక్. నా పక్కనే కూర్చునే రూఫస్ నీకు గుర్తుండే ఉంటాడు, హామ్‌ట్రామిక్‌లో రికార్డుల కొట్టు పెట్టుకున్నవాడు. వాడు కుర్చీలోంచి కిందపడినంత పని చేశాడు.

‘అదేంట్రా అలోంజో, లోపలేమన్నా వడ్రంగిపిట్టని పెట్టారా?’

‘కాదురా, ఎవరో ఇరుక్కుపోయినట్టున్నారు. తలుపు తియ్యమని కొడుతున్నారు.’

‘తీసెయ్ మరి, పాపం.’

‘తీస్తే ఎలారా, గ్యారంటీ పోతుంది.’

ఇక ఫోన్లు మోగడం మొదలైంది. ఒకావిడ, ‘నా అద్దె ఇంట్లో పైపులు కూడా అలాగే కొట్టుకుంటాయి, వాటికీ ఎంతో కొంత ఇస్తారా’ అంది. ఇంకొకాయన టక్ టక్ డబ్బా అని పేరు పెట్టాడు. ఊరంతా పాకింది. నిన్న కోనీ హాట్‌డాగ్ తినడానికి వెళ్తే కౌంటర్ దగ్గరున్న మనిషి నన్ను చూసి చెంచాతో బల్ల మీద రెండుసార్లు కొట్టి నవ్వాడు.

వినకుండా తిట్టకు అన్నావు. విన్నాను. మీరు అమ్మినట్టుగానే విన్నాను. బ్యాటరీలు వేసి, బటన్ నొక్కి, వాడి స్పీకర్లో వాణ్ణే మాట్లాడనిచ్చాను. పెద్ద స్పీకర్లు పెట్టి, తీగలు కలిపి, కళ్ళు మూసుకుని వింటే గాని బాగుండని వస్తువుకి జేబెందుకు? పెద్ద స్పీకర్లు పెట్టుకోగలిగినవాడు పెద్ద మెషీనే పెట్టుకుంటాడు.

లాండ్రీ అమ్మాయి గురించి రాశావు. బాగుంది. ఆ అమ్మాయి బట్టలు ఆరేలోపు ఒక పాట చేస్తుంది, మడతపెట్టేలోపు మర్చిపోతుంది. మనం ఒక్క డ్రమ్ము దెబ్బ కోసం చలికాలమంతా కూర్చున్నాం. ఆ తేడా నీకు తెలిసేది ఒకప్పుడు. కంపెనీ జీతం తిన్నాక మర్చిపోయావు.

అమ్మ పేరు ఎత్తి నన్ను మెత్తబరచాలని చూడకు. నాకూ గుర్తున్నాయి ఆమె బూట్లు.

అలోంజో


పోర్ట్‌లండ్,
ఫిబ్రవరి

అలోంజో,

పైన అన్నయ్యా అని రాయబోయాను. చెయ్యి రాలేదు.

మా ఆఫీసులో మధ్య బల్ల దగ్గర అందరం కూర్చుని నీ గంట విన్నాం. వాళ్ళు నువ్వు మెచ్చుకుంటావని ఎదురుచూశారు. తర్వాత నవ్వారు, ఎందుకంటే నువ్వు నవ్వించగలవు. ‘ఎవరో ఇరుక్కుపోయారు, తలుపు తియ్యమని కొడుతున్నారు’ అన్నప్పుడు నేను లేచి బయటికి వెళ్ళి వానలో నిలబడ్డాను.

అది అమ్మ.

నీకు గుర్తు లేదు కాబట్టి మొదటినించీ చెప్తాను. ఒక చలికాలంలో నీ మెషీన్‌లో ఉన్న డ్రమ్ము మోతలన్నిటినీ విడివిడిగా క్యాసెట్లోకి ఎక్కించుకున్నాం. కలిపే తీగ తెగిపోయి ఉంటే, నువ్వు స్పీకరు ముందు మైకు పెట్టావు. పెద్ద డ్రమ్ముని ఒక్కో దెబ్బ కొడుతూ, మోత పూర్తిగా ఆగేదాకా కదలొద్దని నా మీద కళ్ళెర్రజేశావు. నేను కదల్లేదు. పైన అమ్మకి ఆ సంగతి తెలీదు కదా. ఒక దెబ్బ ఆగుతూ ఉండగా మడమతో రెండుసార్లు కొట్టింది. టేపు పాడైందని నువ్వు తిట్టుకుంటూ దాన్ని చెరిపేసి మళ్ళీ ఎక్కిద్దామన్నావు. నేను ఆ క్యాసెట్ నా కోటు జేబులో దాచేశాను. నాతోపాటు అది కూడా ఇక్కడికి వచ్చేసింది. అందుకే వరదలో పోలేదు. ఈ డబ్బాలోకి ఎక్కించింది దాన్నే.

నీ అట్టపెట్టె డ్రమ్ము నీ డ్రమ్మే అలోంజో. నీ మెషీను, నీ సోల్డరింగు. వెయ్యింటిలో గుర్తుపడతానన్నావుగా. దాని వెనకాల ఉన్న చెత్త అమ్మ బూటు.

దాన్ని కత్తిరించమని డ్వయర్ మొదట్లోనే చెప్పాడు. అది ఆ ఇంటి చప్పుడు, అది లేకపోతే ఆ డ్రమ్ము ఎక్కడ పుట్టిందో తెలీదు అని వాదించి ఉంచాను. నాబ్ చివరికంటా తిప్పినవాళ్ళకే వినపడేట్టు పెట్టాను. ఎక్కడో లాండ్రీలో, ఎక్కడో ట్రక్కులో, ఎవరో తిప్పితే అమ్మ వచ్చి తగ్గించమని కొట్టాలి. నాకు కావాల్సింది అదే. ఇక ఆ మాట ఎత్తే అవకాశం లేకుండా చేశావు. టక్ టక్ తీసెయ్యమని కొన్నవాళ్ళు ఉత్తరాలు రాస్తున్నారు. కొత్త విడత డబ్బాల్లో అది ఉండకూడదని డ్వయర్ తేల్చేశాడు.

మనం ఎలాగూ కాగితం మీదే ఉన్నాం కాబట్టి నెమ్మదిగా చదువుకో. అమ్మ తగ్గించమని కొడితే నువ్వు చిన్నప్పుడూ వినలేదు, ఇప్పుడూ వినలేదు. పైగా ఊరందరినీ పోగేసి నవ్వించావు.

కొరీన్


డెట్రాయిట్,
ఫిబ్రవరి, రోడ్ల మీద ఇంకా మంచు తియ్యలేదు

కొరీన్‌కి,

నేను నమ్మను.

ఒకవేళ నిజమే అయితే ఇంకా ఘోరం. అడక్కుండా తీసుకున్నదాన్ని ఏమంటారో నీకు తెలుసు. ఆ డ్రమ్ము నాది. దాన్ని తయారుచెయ్యడానికి నా వేళ్ళు కాలాయి, నీవి కాదు. దాన్ని తీసుకెళ్ళి ప్లాస్టిక్ డబ్బాలో పోసి, బ్యాటరీలు పెట్టి, దారినపోయేవాళ్ళందరికీ పంచావు. నాకు ఒక్క మాట చెప్పలేదు. అమ్మ బూటుని కూడా వదల్లేదు. అమ్మ పోయాక ఆ బూట్లు చర్చి వాళ్ళకి ఇచ్చేద్దామంటే అప్పుడు ఏడ్చి గోల చేశావు. వాటి చప్పుడు అంగట్లో పెట్టడానికి మాత్రం ఏమీ అనిపించలేదా?

ఇంకో మాట. ‘ఇది నీ డ్రమ్ము అన్నయ్యా’ అని ఆ చీటీలో ఒక్క ముక్క రాస్తే ఇదంతా జరిగేదా? రాయలేదు. ఎందుకంటే నా చెవులకి పరీక్ష పెడదామనుకున్నావు. గుర్తుపడితే నీ డబ్బా గొప్పది. గుర్తుపట్టకపోతే నేను గొప్పలు చెప్పుకునే ముసలాణ్ణి. ఎటు తిరిగినా గెలుపు నీదే. ఇప్పుడేమో వానలో నిలబడ్డానని రాస్తున్నావు.

కత్తిరిస్తున్నారా? కత్తిరించనీ. మంచిదే. తెలిసీ తెలియనివాళ్ళ జేబుల్లో అమ్మ పడి ఉండడం కంటే అదే నయం. డ్రమ్ముని కూడా తీసెయ్యమని మీ డ్వయర్‌కి చెప్పు, అలోంజో టిబ్స్ ఒప్పుకోలేదని చెప్పు.

పెద్ద స్పీకర్లకి కలిపావా అని మళ్ళీ అడుగుతావేమో. కలపలేదు. కలపను. బ్యాటరీలు తీసేసి పాత స్క్రూడ్రైవర్లతో పాటు సొరుగులో పడేశాను.

అలోంజో


పోర్ట్‌లండ్,
ఏప్రిల్

అలోంజో,

నీ ఉత్తరంలో రెండు మాటలు నిజం. ఒప్పుకుంటున్నాను.

అడగలేదు. అడిగితే వద్దంటావని తెలిసి అడగలేదు. దానికి వేరే పేరు పెట్టక్కర్లేదు, నువ్వు చెప్పకుండా వదిలేసిన పేరే సరిపోతుంది. డ్రమ్ముని తీసెయ్యమన్న నీ మాట డ్వయర్‌కి చెప్పాను. ఈ విడత అయిపోగానే తీసేస్తారు.

నిన్ను ఓడించాలనుకున్నది కూడా నిజమే. అప్పట్లో ఆ బేస్‌మెంట్‌లో మనం చేసిన రికార్డు అట్ట మీద ఎవరి పేరుంది? నీ ఒక్కడిదే. తీగలు కలిపింది నేను, టేపులు తిప్పింది నేను, అమ్మ కొట్టినప్పుడల్లా లేచింది నేను. చెవి అంటే నీ చెవి, డ్రమ్ము అంటే నీ డ్రమ్ము. ఒక్కసారైనా నువ్వు పోల్చుకోలేక నా వైపు చూడాలని ఉండేది. అందుకే చీటీలో రాయలేదు. అది నా తప్పే, పో.

కాని అమ్మ చప్పుడు నీ కోసం పెట్టలేదు. అది నా కోసం పెట్టుకున్నాను. ఆ సంగతి నీకు చెప్పినా అర్థం కాదు.

కత్తిరించడం అయిపోయింది. ఆ పని ఇంకొకరికి ఇస్తానని డ్వయర్ మర్యాదగానే అన్నాడు. నేనే చేస్తానన్నాను. వేరేవాళ్ళ చేత చేయించబుద్ధి కాలేదు. తెర మీద పెద్ద డ్రమ్ము లావుగా మొదలై సన్నబడుతుంది, ఆ సన్నని తోకలో రెండు చిన్న ముళ్ళలా అమ్మ ఉంటుంది. ముళ్ళకి ముందు గీత పెట్టి నొక్కాను. అంతే, ఏమీ జరగలేదు. ఇప్పుడు నాబ్ చివరికంటా తిప్పినా ఏమీ రాదు. నువ్వు కోరినట్టు రికార్డింగు శుభ్రంగా ఉంది.

నీ సొరుగులో ఉన్నది మొదటి విడతది, దాన్లో ఇంకా ఉంది. ఉంచుకుంటావో పారేస్తావో నీ ఇష్టం.

మే నెలలో నేను రావట్లేదు. మా ఆఫీసు నించి ప్రెస్టన్ అనే అతను వచ్చి వాయిస్తాడు. మంచివాడు, అతని జోలికి వెళ్ళి వెటకారాలాడకు. ఇక కాగితం మీద కూడా పోట్లాడే ఓపిక నాకు లేదు. ఉత్తరం రాయకు.

కొరీన్


డెట్రాయిట్,
జూన్

కొరీన్‌కి,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. నేను ఒకరి మాట వినే రకం కాదని నువ్వే అన్నావుగా.

ముందు ఒకటి తేల్చేస్తాను. ఆ డబ్బా మీద నా అభిప్రాయం మారలేదు. బటన్లు ఇప్పటికీ బియ్యపుగింజలే. బ్యాటరీల మూత అప్పుడే వదులైంది, రబ్బరు బ్యాండు వేశాను. ఇలాంటి సరుకు చేసినందుకు మీరందరూ సిగ్గుపడాలి.

నీ ఏప్రిల్ ఉత్తరంలో, కత్తిరించడం నేనే చేస్తానన్నాను అని ఒక ముక్క రాశావు. దాన్ని దాటి ముందుకు పోలేకపోయాను. షాపులో ఏ పని పట్టుకున్నా ఆ గీత పెట్టి నొక్కే నీ చెయ్యే కనపడింది. ఒక ఆదివారం చర్చి అయ్యాక నేరుగా షాపుకి వెళ్ళి, సొరుగులోంచి డబ్బా తీసి, బ్యాటరీలు వేసి, పెద్ద స్పీకర్లకి కలిపాను. కోటు కూడా విప్పలేదు. తప్పు పట్టడానికే కలిపాను, అబద్ధమెందుకు.

ఒక్క దెబ్బకి తెలిసిపోయింది. మోత సన్నబడేచోట చిన్న గరగర ఉంటుంది, సోల్డరింగ్ సరిగ్గా అతకక వచ్చేది. ఎప్పటికైనా బాగుచెయ్యాలని అనుకుంటూ ఉండేవాణ్ణి. అదే గరగర. అరల్లో స్క్రూలు కదిలాయి. నా రొమ్ముకి తగిలింది. ఆ తర్వాత నాబ్ తిప్పాను.

రెండో టక్ మొదటిదానికంటే గట్టిగా ఉంది కొరీన్. ఒళ్ళు మండినప్పుడు అమ్మ రెండోది అలాగే గట్టిగా కొట్టేది. నాకు ఆ చప్పుడు అంత బాగా గుర్తుందని నాకే తెలీదు. తలుపు వేసేసి కూర్చుని ఏడ్చాను. ఈసారి మెషీన్ కోసం కాదు. అది నీకు చెప్పాలని రాస్తున్నాను, నమ్మితే నమ్ము.

ఆ శనివారం రేడియోలో పెద్ద స్పీకర్ల ముందు మైకు పెట్టి మళ్ళీ వినిపించాను. మొదట తప్పుగా విన్నాను, తప్పుగా విని తప్పుగా వాగాను అని చెప్పాను. రూఫస్ ఊరుకోడుగా. ‘అయితే లోపల ఇరుక్కుపోయిందెవరో తేలిందా?’ అన్నాడు. ‘తేలింది, మా అమ్మ’ అన్నాను. వాడు నీళ్ళ గ్లాసు అందుకుని తాగలేక మళ్ళీ కింద పెట్టాడు. డ్రమ్ము నాదనీ, దాన్ని దాచి బతికించింది మా చెల్లెలు కొరీన్ టిబ్స్ అనీ చెప్పాను. రికార్డు అట్ట మీద వెయ్యాల్సిన పేరు అక్కడ చెప్పాను. చాలా ఆలస్యంగా చెప్పానని నువ్వంటావు, నిజమే.

ఇక మే నెల. నీ ప్రెస్టన్ మంచివాడే. కొత్త విడత డబ్బా పట్టుకుని, జుట్టు దువ్వుకుని, స్టేజి వెనకాల అటూ ఇటూ తిరుగుతున్నాడు. జేబులోంచి నా డబ్బా తీశాను. అవును, జేబులోంచే. నవ్వకు.

‘పక్కకి జరుగు బాబూ, ఇది నా చెల్లెలు నాకోసం అడిగి తీసుకున్న స్టేజి’ అన్నాను.

‘సార్, మీది పాతది. దాన్లో ఆ చప్పుడు ఉంటుంది.’

‘ఉంటుంది. అందుకే తెచ్చాను.’

నది మీంచి గాలి వీస్తోంది. ముందర ఎక్కడ చూసినా తలలే. మన వయసువాళ్ళు మడత కుర్చీలు తెచ్చుకుని పక్కన కూర్చున్నారు, నేను ఎక్కడ తప్పుచేసి దొరుకుతానా అని. డ్రమ్ము మొదలుపెట్టాను. నెమ్మదిగా పెంచుకుంటూ పోయాను. కుర్చీలవాళ్ళు కుర్చీలు వదిలి లేచేదాకా పెంచాను. అప్పుడు అమ్మ చప్పుడు వచ్చే ఆ నాబ్ చివరికంటా తిప్పాను.

ఇళ్ళంత స్పీకర్లలోంచి అమ్మ మడమ దిగింది. కిందనున్న జనానికి అదేమిటో తెలీదు, ఆ రెండు దెబ్బలకీ కాళ్ళు కదుపుతూ ఎగురుతున్నారు. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకు తెలీలేదు. ఇంకా పెంచుదామని చెయ్యి చాపాను. మళ్ళీ కొట్టింది, రెండోది గట్టిగా. చాపిన చెయ్యి దానంతట అదే వాల్యూమ్ మీదికి పోయి తగ్గించేసింది. నేను తగ్గించాలనుకోలేదు. అంత జనం ముందు, పాట మంచి ఊపు మీదుండగా తగ్గించేసింది.

జనం పెంచమని అరిచారు. ప్రెస్టన్ కంగారుపడి నాబ్ మీద చెయ్యి వెయ్యబోయాడు. చేతి మీద ఒక్కటిచ్చాను.

అమ్మ తగ్గించమంది కొరీన్. తగ్గించాను.

అన్నయ్య